జ్వరం తగ్గిన రోజే కనిపెట్టుకుని ఉండండి

జ్వరంతో ఉన్న పిల్లల రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 90 వేలని రాగానే ఇంటిల్లిపాది కళ్లూ ఆ అంకె మీదే ఉంటాయి. పొద్దున ఎంత, సాయంత్రం ఎంత అని ఒకటే లెక్క. మామూలుగా 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉండే ఈ కణాలు డెంగీలోనూ, మలేరియాలోనూ, చాలా వైరల్ జ్వరాల్లోనూ తగ్గుతాయి. ఎక్కువమంది పిల్లల్లో వాటంతటవే పెరుగుతాయి. అంకె చూడండి, కానీ ముందు బిడ్డను చూడండి.

డెంగీలో అసలు గండం జ్వరం దిగేటప్పుడు వస్తుంది. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య ఒళ్లు చల్లబడుతుంది, హమ్మయ్య అనుకుంటాం. సరిగ్గా అప్పుడే రక్తనాళాల్లోని ద్రవం బయటికి ఊరిపోయి, రక్తం చిక్కబడి, బీపీ పడిపోవచ్చు. ఈ దశ 24 నుంచి 48 గంటలు ఉంటుంది. అందుకే రిపోర్టులో పీసీవీ, అంటే రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే అంకె కూడా చూడమని డాక్టరును అడగండి. ప్లేట్‌లెట్లు దిగుతుంటే పీసీవీ ఎక్కుతోందంటే ఇంట్లో ఉంచే సమయం కాదు.

జ్వరం తగ్గాక బిడ్డ లేచి ఆడుకుంటూ, అడిగి తింటుంటే భయం లేదు. జ్వరం పోయినా ముడుచుకుని పడుకుంటే అరచేయి పట్టుకోండి. పొట్ట వెచ్చగా ఉండి చేతులూ పాదాలూ చల్లగా తగులుతున్నాయా? వేలి గోరు నొక్కి వదిలితే 2 సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. అలా రాకపోయినా, కడుపునొప్పి అన్నా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం వచ్చినా, విరేచనం నల్లగా అయినా, మత్తుగా ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. ఆసుపత్రికి బయల్దేరండి.

మంచం పక్కన ఒక కాగితం పెట్టి, ఎప్పుడు ఎంత తాగిందీ, ఎప్పుడు మూత్రం పోసిందీ రాయండి. డాక్టరుకు దానికన్నా పనికొచ్చేది మీరు ఇవ్వలేరు. ఆరు గంటలుగా మూత్రం లేకపోతే వెంటనే చూపించాలి. ఓఆర్‌ఎస్ ఒకేసారి గ్లాసెడు పట్టించకుండా గుక్కగుక్కగా తాగించండి.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోసుకూ డోసుకూ ఆరు గంటల ఎడం. సీసా మారితే గాఢత మారుతుంది కాబట్టి లేబుల్ చదివి, అనుమానముంటే డాక్టరును అడిగి పోయండి. ఐబూప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ వద్దు, ఇవి రక్తస్రావాన్ని పెంచుతాయి. కొన్ని సిరప్‌లలో పారాసిటమాల్‌తో పాటు ఐబూప్రొఫెన్ కూడా కలిసి ఉంటుంది. కండరానికి ఇంజెక్షన్ కూడా వేయించకండి.

బిడ్డ బాగానే ఉండి అంకె ఒక్కసారిగా పడిపోతే, ల్యాబులో ఆ రక్తాన్ని స్లైడు మీద మైక్రోస్కోపుతో మళ్లీ చూడమనండి. శాంపిల్‌లో కణాలు గుంపుకట్టినా యంత్రం తక్కువ చూపిస్తుంది. రక్తస్రావం లేని బిడ్డకు అంకె కోసమే ప్లేట్‌లెట్లు ఎక్కించమని డాక్టరు మీద ఒత్తిడి తేకండి, దానివల్ల మేలు లేదు.

డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది. జ్వరంతో ఉన్న బిడ్డను కుట్టిన దోమ రోగాన్ని ఇంట్లో ఇంకొకరికి అంటించగలదు కాబట్టి పగటిపూట కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి.