కుక్కకి ఇంట్లో తిండి వండటం ఎలా? గుడ్డు పెంకులు మాత్రం పారేయకండి

"మా వాడికి బయటి తిండి అలవాటు లేదండీ, అంతా ఇంటి వంటే" అని ఎవరైనా గొప్పగా చెప్తే నేను ఒక్కటే అడుగుతాను, కాల్షియం ఏం కలుపుతున్నారని. చాలామంది నా మొహం వంక చూస్తారు. కొందరు "పెరుగు వేస్తున్నాం కదా" అంటారు. ఆ మాటతో ఆ ఇంట్లో కుక్కకి ఏం జరుగుతోందో నాకు అర్థమైపోతుంది.

పన్నెండేళ్ల పైగా మా ఇంట్లో కుక్కల వంట నాదే. ఇప్పుడున్నది జున్ను. వీధిలో దొరికిన ఆడకుక్క, ఐదేళ్లది, 15 కిలోలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. కింద చెప్పే కొలతలన్నీ దానికి మూడు రోజులకు సరిపోయేవి. మీది 30 కిలోల లాబ్రడార్ అయితే రెట్టింపు చెయ్యకండి, ఒకటిన్నర రెట్ల కంటే కాస్త ఎక్కువ చాలు. బరువు రెట్టింపైతే ఆకలి కూడా రెట్టింపు అవ్వాలని లేదు. లాబ్రడార్ మాత్రం అలా నటిస్తుంది, దాని మాట నమ్మకండి.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ఇది పెద్ద కుక్కల తిండి. ఏడాది నిండని పిల్లలకి, కడుపుతో ఉన్నవాటికి, పాలిచ్చే తల్లులకి, కిడ్నీ జబ్బు ఉన్నవాటికి ఈ వంట పనికిరాదు. వాటికేం పెట్టాలో పశువుల డాక్టరే చెప్పాలి.

సరుకులు

బోన్‌లెస్ చికెన్ కిలో, చికెన్ లివర్ 75 గ్రాములు, బియ్యం 300 గ్రాములు, కూరగాయలు 300 గ్రాములు, నూనె రెండు టీస్పూన్లు. గుడ్డు పెంకుల పొడి, దాని సంగతి తర్వాత.

చికెన్ తొడ ముక్కలే తీసుకోండి, తోలు లేకుండా. బ్రెస్ట్ పీసు వద్దు. ఉడికితే పీచులా అయిపోతుంది, జున్ను ముట్టదు. మీ కుక్క కూడా ముట్టదనే అనుకోండి. షాపులో మాత్రం "కుక్కకి" అన్న మాట ఎత్తకండి. ఎత్తారా, మెడలు, కాళ్లు, తోలు, కొవ్వు అన్నీ ఒక కవర్లో వేసి చేతికిచ్చేస్తారు. చవగ్గా వస్తాయి నిజమే. కానీ ఉడికిన కోడి ఎముక విరిగితే సూదుల్లా చీలుతుంది. గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటే అప్పుడయ్యే ఖర్చు ముందు ఈ ఆదా ఏ మూలకీ రాదు.

లివర్ 75 గ్రాములంటే 75 గ్రాములే. ఇష్టంగా తింటోంది కదా అని పెంచుకుంటూ పోతే విటమిన్ ఏ ఎక్కువై అదో తలనొప్పి.

కూరగాయల్లో తీపి గుమ్మడి తప్పనిసరి. మిగతావి క్యారెట్, బీన్స్, సొరకాయ, ఏవైనా పర్వాలేదు. మాకు విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజార్లో గుమ్మడి కోసిన ముక్కలుగా దొరుకుతుంది కాబట్టి కాయంతా మోసుకొచ్చే పని లేదు. బియ్యం మామూలు సోనా మసూరి. బ్రౌన్ రైస్, క్వినోవా వేస్తున్నామని చెప్పేవాళ్లున్నారు, వాళ్ల ఓపికకి దండం.

వండటం

ఇందులో పెద్ద విద్యేమీ లేదు. అన్నం మనం తినేదానికంటే మెత్తగా వండి పక్కన పెట్టండి. చికెన్, లివర్, చిన్నగా తరిగిన కూరగాయలు కుక్కర్లో వేసి, ముక్కలు మునిగేదాకా నీళ్లు పోసి మూడు విజిల్స్ రానివ్వండి. ఆ నీళ్లు పారబోయొద్దు. చల్లారాక చేత్తో మెదుపుతూ అన్నం, నూనె కలపండి. గరిటెతో కాదు, చేత్తోనే. బోన్‌లెస్ అని ఇచ్చిన దాంట్లో కూడా అప్పుడప్పుడు చిన్న ఎముక ముక్క వస్తుంది, అది చేతికే తెలుస్తుంది.

ఉల్లిపాయ, వెల్లుల్లి దగ్గరికి రానివ్వకండి. పచ్చివైనా, ఉడికినవైనా, పొడి అయినా కుక్క రక్తంలోని ఎర్రకణాలు దెబ్బతింటాయి. మనం వండుకున్న కోడికూర ముక్కలు కడిగి పెడితే సరిపోతుందనుకుంటారు కొందరు. సరిపోదు, అల్లం వెల్లుల్లి రసం ముక్కలోకి దిగిపోయి ఉంటుంది. ఉప్పు అక్కర్లేదు. పసుపు కూడా వెయ్యొద్దు. పసుపుతో హాని అని కాదు. మన చేతికి అలవాటు ప్రకారం పసుపు పడిందంటే ఆ వెనకే ఉప్పు, కారం, పోపు వరసగా వచ్చేస్తాయి.

అసలు పని: గుడ్డు పెంకుల పొడి

అందరూ వదిలేసేది ఇదే కాబట్టి ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

మాంసంలో ఫాస్ఫరస్ బాగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. కుక్క ఒంటికి ఈ రెండూ ఇంచుమించు సమానంగానో, కాల్షియం కాస్త ఎక్కువగానో అందాలి. అడవిలో తిరిగే జంతువు మాంసంతో పాటు ఎముక కూడా నమిలేస్తుంది కాబట్టి లెక్క సరిపోతుంది. మనం ఎముక తీసేసి మెత్తటి మాంసం పెడుతున్నాం. అప్పుడు రక్తంలో తగ్గిన కాల్షియాన్ని ఒళ్లు తన ఎముకల్లోంచే లాక్కుంటుంది. పెద్ద కుక్కల్లో ఇది నెలల తరబడి బయటికి కనబడదు. పిల్లల్లో వారాల్లోనే కనబడుతుంది.

నేను ఇది తప్పు చేసే నేర్చుకున్నాను. మా మొదటి కుక్క జర్మన్ షెపర్డ్ పిల్ల. మూడు పూటలా ఉడికించిన చికెన్, అన్నం, మధ్యలో పెరుగు. రాజభోగం పెడుతున్నాననే అనుకున్నాను. నాలుగో నెల వచ్చేసరికి ముందుకాళ్లు వంగాయి. మెట్టు దిగమంటే కూర్చుని ఏడ్చేది. ఎక్స్‌రేలో ఎముకలు తెల్లగా కనబడాల్సింది పోయి పొగ పట్టిన అద్దంలో చూసినట్టున్నాయి. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఏం పెడుతున్నారమ్మా?". కోలుకుంది, కానీ కాళ్ల వంకర పూర్తిగా పోలేదు. అది ఉన్నన్నాళ్లూ ఆ నడక నా కళ్ల ముందే ఉంది.

మాంసంలో లేని ఆ కాల్షియం గుడ్డు పెంకులో ఉంటుంది. పొడి చేసే పద్ధతి ఇది. వారం రోజుల గుడ్డు పెంకులు కడిగి దాచుకోండి. లోపలి పొర తియ్యకపోయినా పర్వాలేదు. పది నిమిషాలు నీళ్లలో మరిగించండి, పచ్చి పెంకు మీద రోగాలు తెచ్చే క్రిములు ఉంటాయి కాబట్టి ఇది ఎగ్గొట్టకండి. తర్వాత ఎండలో రెండు రోజులు. పెంకు చేత్తో నలిపితే టక్కున విరగాలి, వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. విశాఖలో వానాకాలం గాలికి ఎండలో పెట్టినా ఆరదు, అప్పుడు పెనం మీద సన్నటి సెగన వేడి చేస్తాను.

మిక్సీ చిన్న జార్లో వేసి తిప్పండి. ఒకసారి తిప్పి ఆపేస్తే రవ్వలా ఉంటుంది. అది పనికిరాదు. గరుకు ముక్కలు పేగులకి గుచ్చుకోవచ్చు, అరగకుండా బయటికి పోవచ్చు కూడా. మళ్లీ మళ్లీ తిప్పి, పల్చటి గుడ్డలో జల్లించి, పైన మిగిలింది మళ్లీ జార్లో వెయ్యండి. వేళ్ల మధ్య రుద్దితే విభూతిలా ఉండాలి. తిప్పిన వెంటనే మూత తియ్యకండి, ఆ దుమ్ము ముక్కులోకి పోతే అరగంట దగ్గుతారు. ఐదు నిమిషాలు ఆగండి. పొడిని తడి తగలని సీసాలో పోసుకుంటే రెండు మూడు నెలలు నిలవ ఉంటుంది.

కొలత: పైన చెప్పిన మొత్తం వంటకి ఒకటిన్నర టీస్పూన్, అంటే ఏడెనిమిది గ్రాములు. జున్నుకి రోజుకి అర టీస్పూన్ చొప్పున. చెంచా తలకొట్టి కొలవాలి, గోపురంలా కాదు. వీలైతే బంగారం తూచే చిన్న త్రాసు ఒకటి కొనుక్కోండి, నా దగ్గర ఉంది, అందులోనే తూస్తాను.

ఎప్పుడు కలపాలన్నది కూడా ముఖ్యమే. కుక్కర్లో ఎప్పుడూ వెయ్యకండి. పొడి కరగదు, అడుక్కి చేరుతుంది. మొదటి రోజు పైపైన తీసి పెడితే ఏమీ ఉండదు, మూడో రోజు అడుగున ఉన్నదంతా ఒకేసారి కడుపులోకి పోతుంది. అందుకని నేను గిన్నెలో పెట్టేటప్పుడే ఏ రోజుది ఆ రోజు కలుపుతాను. ఉదయం పావు టీస్పూన్, రాత్రి పావు టీస్పూన్.

ఎక్కువైతే? దొడ్డికి గట్టిగా, తెల్లగా, సుద్దముక్కలా పొడిపొడిగా వెళ్తుంది. రెండు రోజులు అలా కనబడితే మీ కొలత ఎక్కడో తప్పింది, మళ్లీ తూచండి. మంచిదే కదా అని చెంచా పెంచడం తప్పు. పెరిగే పిల్లలకి, ముఖ్యంగా పెద్ద జాతి పిల్లలకి, కాల్షియం తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే. పిల్లలకి ఈ వంట వద్దని మొదట్లోనే అన్నది అందుకే.

ఇక దీనికి బదులు అది వెయ్యొచ్చా అనే ప్రశ్నలు. వీటికి సమాధానం చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

పాలు, పెరుగు: వంద మిల్లీలీటర్ల పాలల్లో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. జున్నుకి అర టీస్పూన్ పొడితో అందేది 900 మిల్లీగ్రాముల పైమాటే. అంత పాల నుంచే రావాలంటే రోజుకి ముప్పావు లీటరు పొయ్యాలి. ఆ తర్వాత ఇల్లు కడుక్కోవాలి. పైగా పాలతో ఫాస్ఫరస్ కూడా వచ్చి చేరుతుంది, లెక్క మళ్లీ మొదటికి.

రాగులు: వంద గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, మంచి ధాన్యమే. కానీ అందులోని ఫైటిక్ ఆమ్లం వల్ల అంతా ఒంటికి పట్టదు. అన్నానికి బదులు సంకటి పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. పొడి మాత్రం మానకండి.

మనుషుల కాల్షియం బిళ్లలు: చాలావాటిలో విటమిన్ డి3 కలిసి ఉంటుంది. మనకి వారానికొకటి రాసే 60,000 యూనిట్ల పొడి పాకెట్లు కుక్కకి విషంతో సమానం. అవి దాని నోటికి అందే చోట పెట్టకండి.

సున్నం: మా పక్కింటి పిన్ని ఒకరోజు చాలా మామూలుగా అడిగింది, "తాంబూలంలో వేసుకునే సున్నం కూడా కాల్షియమే కదమ్మా, చిటికెడు వేస్తే పోలా?" అని. పోదు పిన్నీ. నోరూ గొంతూ కాలిపోతాయి.

ఇవన్నీ విన్నాక కూడా "మా తాతగారి కుక్క పెరుగన్నం తినే పద్నాలుగేళ్లు బతికింది" అనేవాళ్లుంటారు. నిజమే అయ్యుంటుంది. కానీ ఆ కుక్క పగలంతా పొలాల్లో తిరిగింది, ఎలకల్ని ఎముకలతో సహా తింది. పెరుగన్నం దానికి భోజనంలో ఒక వంతు. మీ కుక్క ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంటుంది, మీరు గిన్నెలో వేసిందే దానికి దిక్కు.

పెట్టడం, దాచడం

మొత్తాన్ని మూడు భాగాలు చేసి, రోజుకొక భాగం, రెండు పూటలా పెట్టండి. ఇన్నాళ్లూ ప్యాకెట్ తిండి తిన్న కుక్క అయితే వారం పడుతుంది. మొదట పావు వంతు కొత్తది, రెండు రోజులకి సగం, అలా పెంచండి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు అవుతాయి, నింద ఇంటి వంట మీద పడుతుంది.

ఫ్రిజ్‌లో మూడు రోజులు, అంతకు మించితే ఫ్రీజర్. పెట్టేముందు గోరువెచ్చగా చెయ్యండి. మే నెలలో తినకుండా వదిలేసిన గిన్నెని గంటకి మించి ఉంచొద్దు. స్టీలు గిన్నే వాడండి, ప్లాస్టిక్‌కి వాసన పడుతుంది.

పెంకు పొడితో లెక్కంతా తీరిపోతుందని నేను అనను. ఈ వంటలో జింక్, అయోడిన్, విటమిన్ ఇ, విటమిన్ డి చాలినంత ఉండవు. మీ డాక్టర్ని అడిగి కుక్కల కోసమే చేసిన విటమిన్, మినరల్ పొడి ఒకటి రాయించుకోండి. రాయించుకునేటప్పుడు మీరు ఏం వండుతున్నారో, పెంకు పొడి ఎంత వేస్తున్నారో కాగితం మీద రాసి చూపించండి. దాంట్లోనే కాల్షియం ఉంటే మీ చెంచా తగ్గించాల్సి వస్తుంది. వారానికోసారి చికెన్ బదులు చేప కూడా పెట్టొచ్చు. నేను కవళ్లు (సార్డిన్ చేపలు) తెచ్చి, తలలు తీసి, ముళ్లు చేత్తో నలిగిపోయేదాకా కుక్కర్లో ఉడికిస్తాను. ముళ్లతో సహా పెట్టిన రోజు పెంకు పొడి వెయ్యను.

నెలకోసారి కుక్కని ఎత్తుకుని బరువు చూసే మిషన్ ఎక్కండి, తర్వాత మీ బరువు తీసేయండి. పక్కటెముకలు చేత్తో తడిమితే తెలియాలి, దూరం నుంచి లెక్కపెట్టేలా ఉండకూడదు. చిక్కితే అన్నం ఒక గుప్పెడు పెంచండి, తడిమినా ఎముక దొరక్కపోతే గుప్పెడు తగ్గించండి. పెంకు పొడి అర చెంచా మాత్రం అలాగే ఉంచండి.