బస్సు డ్యూటీలో ఉండి ఫ్లూ మళ్ళీ అంటకుండా చూసుకోవడం

నల్లగొండలో ఆర్టీసీ కండక్టర్‌ని, దేవరకొండ రూటు. "వానాకాలంలో వచ్చి పోయింది, ఇంక ఈ ఏడాదికి రాదులే అక్కా" అని తోటివాళ్లు అంటుంటారు. ఆ ధీమా వద్దు. ఫ్లూలో ఎ, బి అని రకాలున్నాయి, వాటిలో మళ్ళీ ఉపరకాలు. ఒకదాన్ని ఒళ్లు తట్టుకున్నా ఇంకోటి పడగొడుతుంది. మన దగ్గర వానల్లో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి పెరుగుతుంది. చెర్వుగట్టు జాతర స్పెషల్ బస్సులు నడిచేదీ అప్పుడే, కాలు పెట్టే జాగా ఉండదు.

టీకా ఏటా వేయించుకోవాలి. వైరస్ మారుతుంటుంది కాబట్టి టీకానూ మారుస్తుంటారు, పోయినేడు వేయించుకున్నది చాలదు. వానలు మొదలయ్యే ముందే వేయించుకోండి, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. వేయించుకున్నా ఫ్లూ రావచ్చు, కానీ ముదిరి ఆస్పత్రిలో పడే ముప్పు తగ్గుతుంది. ఇంట్లో ముసలివాళ్లు, గర్భిణులు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లు ఉంటే వాళ్లకు ముందు. ఆరు నెలలు నిండని పిల్లలకు వేయరు.

ఇక చేతులు. నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలు నాలుకకు అద్దే అలవాటు మానాలి. నా బ్యాగులో చిన్న డబ్బాలో తడి స్పాంజి ఉంటుంది, వేలు దానికే అద్దుతా. జేబుల్లోంచి వచ్చే పది రూపాయల నోట్లు చెమటకు అంటుకుపోయి ఉంటాయి, స్పాంజి లేకుంటే విడిపోవు. బస్సు కడ్డీల మీద వైరస్ ఒకట్రెండు రోజులు బతకగలదు. స్టాండులో దిగి సబ్బుతో 20 సెకన్లు కడుక్కునేదాకా ముక్కు, కళ్లు ముట్టను, మిర్చి బజ్జీ కూడా ముట్టను. ఇదొక్కటే కష్టం.

అసలు ఎక్కువగా అంటేది దగ్గు, తుమ్ముల నుంచే. చలికాలం పొద్దుగాల అద్దాలన్నీ మూసేస్తారు. ముందొకటి, వెనకొకటి తెరిపిస్తా. తిట్టుకుంటారు, తిట్టుకోనీ. దగ్గేవాళ్లకు దస్తీ అడ్డం పెట్టుకోమని చెప్తా, నేను మాస్కు పెట్టుకుంటా.

వచ్చిందా, డ్యూటీకి పోవద్దు. లక్షణాలకు ఒకరోజు ముందు నుంచి ఐదారు రోజుల దాకా ఇతరులకు అంటుతుంది. గోలీ వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేకపోతేనే బయటికి రండి. యాంటీబయాటిక్ సూది పొడిపించుకుంటే ఫ్లూ వైరస్ చావదు. వైరస్‌కు వేరే మందుంది, మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, అది డాక్టరే రాయాలి. ఆయాసం వచ్చినా, తగ్గిన జ్వరం రెండు మూడు రోజులకే తిరగబెట్టినా మళ్ళీ ఫ్లూనే అనుకుని ఇంట్లో పడుకోవద్దు. న్యుమోనియా కావచ్చు, అదేరోజు ఆస్పత్రికి పోవాలి.