సంక్రాంతి పప్పలు (పిండివంటలు) తిన్నాక మళ్ళీ మామూలు తిండికి రావడం ఎలా

ముక్కనుమ మర్నాడు తూకం చూసుకుని గుండెలు బాదుకోవద్దు. భోగి నుంచి నాలుగు రోజుల్లో రెండు కిలోలు పెరిగినట్టు కనిపిస్తే అందులో కొవ్వు తక్కువ, నీరే ఎక్కువ. కిలో కొవ్వు చేరాలంటే ఒంటికి కావలసినదాని మీద దాదాపు 7,700 కేలరీలు అదనంగా తినాలి. అరిసెలు, పులిహోరతో వచ్చిన పిండిపదార్థం కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముకీ సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. జంతికల్లో, కోడి పులుసులో ఉన్న ఉప్పు ఇంకొంత నీటిని పట్టి ఉంచుతుంది. మామూలు తిండికి వస్తే వారం తిరిగేసరికి ఇది చాలావరకు దిగిపోతుంది. కాబట్టి తూకం వారం తర్వాత, పొద్దున్నే ఏమీ తినకముందు చూసుకోండి.

అసలు నష్టం పండగ అయ్యాక మొదలవుతుంది. పండగ నాలుగు రోజులే, పప్పల డబ్బాలు మాత్రం నెలంతా ఉంటాయి. ఓ మాదిరి అరిసె 150 నుంచి 200 కేలరీలు. మామూలు భోజనం మీద రోజుకి రెండు చొప్పున ఇరవై రోజులు లాగిస్తే దాదాపు 7,000. ఈసారి చేరేది నీరు కాదు.

అందుకే ముందు డబ్బాల సంగతి చూడాలి. మూత తీసి వాసన చూడండి. జంతికలు, చక్కిలాలు నూనె కంపు కొడితే మొహమాటపడకుండా పారేయండి. బాగున్నవాటిలో సగానికి పైగా పంచేయండి: పండక్కి రాలేకపోయిన చుట్టాలకి, విశాఖలో హాస్టల్లో ఉన్న పిల్లలకి, ఇంట్లో పనికి సాయం వచ్చేవాళ్ళకి. మిగిలినవి చిన్న స్టీలు డబ్బాలో వేసి చేతికందని అరలో పెట్టండి. గాజు సీసాలో, టీవీ దగ్గర పెడితే వారంలో ఖాళీ. వారానికి రెండుసార్లు, అదీ భోజనం అయ్యాక ఒక్కటి. ఖాళీ కడుపుతో టీతో పాటు మొదలెడితే ఒకటితో ఆగే మనిషి లేడు.

మూకుట్లో మిగిలిన నూనెతో మళ్ళీ గారెలో బజ్జీలో వేయొద్దు. వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో పోపులకి వాడేయండి. నల్లబడినా, నురగ కట్టినా అదీ వద్దు.

ఇక ఉపవాసాలు. పండగ పాపం కడిగేద్దామని రోజంతా నిమ్మకాయ నీళ్ళ మీద ఉండేవాళ్ళు సాయంత్రం ఆరింటికి మళ్ళీ అదే డబ్బా మూత తీస్తారు. ఒంటిని శుభ్రం చేసే పని కాలేయం, మూత్రపిండాలు ఎలాగూ చేస్తున్నాయి. మూడు పూటలా వేళకి తినండి, కంచంలో వాటాలు మార్చండి, అంతే. ముందు కూర వడ్డించుకోండి, అది సగం కంచం ఉండాలి. తర్వాత పప్పో చేపో గుడ్డో. చివర అన్నం, పూటకి ఒకటిన్నర కప్పు. ఆకుకూరలు, కూరగాయలు కలిపి రోజుకి కనీసం 400 గ్రాములు తినమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. జనవరిలో మన సంతల్లో చిక్కుళ్ళు, ఆనపకాయలు, వంకాయలు, తోటకూర దండిగా దొరుకుతాయి కాబట్టి ఇది కష్టం కాదు. నలుగురి కూరకి నూనె రెండు పెద్ద చెంచాలు చాలు. చప్పగా ఉందనిపిస్తే నూనె పెంచొద్దు, దించాక ఆవ పెట్టండి.

పొద్దున్నే పూరీ, ఉప్మా బదులు చోడి (రాగి) అంబలి మంచిది, కానీ సరిగ్గా కాయాలి. ఇద్దరికి మూడు పెద్ద చెంచాల చోడి పిండి తీసుకుని అరగ్లాసు చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలపండి. పొడి పిండిని మరిగే నీళ్ళలో వేస్తే పైన ఉడికి లోపల పచ్చిగా ఉన్న ఉండలు కడతాయి, ఎంత కలిపినా విడవవు. రెండు గ్లాసుల నీళ్ళు మరిగాక కలిపిన పిండి సన్నని ధారగా పోస్తూ తిప్పండి. సన్నని సెగ మీద ఎనిమిది నిమిషాలు, పచ్చి వాసన పోయేదాకా ఉడకాలి. రాత్రే కాచి మూత పెట్టి ఉంచితే పొద్దుటికి కాస్త పులుస్తుంది. అప్పుడు మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు, చిటికెడు ఉప్పు కలపండి. బెల్లం ఈ నెలకి వద్దు, పండక్కే బోలెడంత తిన్నాం. చోడి కదా అని షుగరున్నవాళ్ళు చెంబుడు తాగేస్తుంటారు. పిండి కాచి పల్చగా తాగితే అదీ షుగరును తొందరగానే పెంచుతుంది. ఒక గ్లాసు తాగి, పక్కన గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళు తినండి. ఉలవలు రాత్రంతా నానాలి, లేకపోతే కడుపు ఉబ్బరిస్తుంది.

నడక గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తిన్న వెంటనే మంచమెక్కకుండా పావుగంట నడిస్తే షుగరు అంతగా ఎగరదు. మొదటి వారం రోజుకి ఇరవై నిమిషాలు, ఆ తర్వాత అరగంట. విజయనగరంలో కోట చుట్టూ, శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున నడవొచ్చు. మంచు దట్టంగా ఉన్న పొద్దుల్లో రోడ్డు మీదకి మాత్రం వద్దు, లారీ వాడికి మీరు కనపడరు. రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించి, నిద్ర లేచే వేళ ముందు సరిచేసుకుంటే పడుకునే వేళ దానంతటదే దారికొస్తుంది.

ఉద్దానం వైపు వాళ్ళకి ఓ మాట. కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎక్కువ. ఆ జబ్బున్నవాళ్ళు ఒళ్ళు శుభ్రం కావాలని కొబ్బరినీళ్ళు తాగితే అందులోని పొటాషియం ప్రమాదం. బిందెలకొద్దీ నీళ్ళు, పప్పుధాన్యాలు పెంచడం కూడా డాక్టరును అడగకుండా చేయొద్దు. షుగరుకి ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్ళు ఓ పూట తిండి మానేస్తే షుగరు పడిపోయి కళ్ళు తిరగొచ్చు.

కొలెస్ట్రాల్ పరీక్షకి కనుమ మర్నాడే పరుగెత్తితే ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఓ రకం కొవ్వు) ఎక్కువ చూపించి కంగారు పెడతాయి. రెండు మూడు వారాలు మామూలు తిండి తిన్నాక, డాక్టరు వేరేగా చెప్పకపోతే, రాత్రి భోజనం తర్వాత 10 నుంచి 12 గంటలు నీళ్ళు తప్ప ఏమీ తీసుకోకుండా వెళ్ళి రక్తం ఇవ్వండి.