ఎంపీ గారికి అర్జీ ఇవ్వాలా? ఢిల్లీ పనేదో, జిల్లా పనేదో ముందు తేల్చుకోండి

మా ఊళ్లో ఎక్స్‌ప్రెస్ ఆపించాలని నాలుగేళ్ల కిందట మొదటిసారి ఎంపీ గారికి కాగితం ఇచ్చాను, అదీ ఒక పెళ్లిలో, ఆయన భోజనం చేసి లేస్తుంటే. నవ్వుతూ తీసుకుని పక్కనున్న మనిషి చేతిలో పెట్టారు, అంతే, ఆ కాగితం మళ్లీ కనబడలేదు. ఆ తర్వాత తిరిగి తిరిగి నేర్చుకున్నది రాస్తున్నా, మీ చెప్పులైనా అరక్కుండా ఉంటాయి.

ముందు అది అసలు ఎంపీ పనేనా చూసుకోండి. రేషన్ కార్డు, పింఛను, ఇంటి పట్టా రాష్ట్ర ప్రభుత్వం చూసేవి. వీటికి ఎమ్మెల్యే దగ్గరికో, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌కో, తెలంగాణలో అయితే ప్రజావాణికో వెళ్లండి. ఎంపీ ఆఫీసులో ఇచ్చినా వాళ్లు కలెక్టరుకే పంపుతారు, మధ్యలో నెల పోతుంది. రైల్వే, నేషనల్ హైవే, పోస్టాఫీసు, పాస్‌పోర్టు, పీఎఫ్ లాంటివి ఎంపీ దారి. కేంద్రీయ విద్యాలయంలో సీటు మాత్రం అడక్కండి, ఒక్కో ఎంపీకి ఉన్న పది సీట్ల కోటా 2022లోనే తీసేశారు. ఇంకా అడుగుతూనే ఉన్నారని పీఏలు తల పట్టుకుంటారు.

జిల్లాలో తేలే పని అంటే ముఖ్యంగా ఎంపీల్యాడ్స్, అంటే తన ప్రాంతంలో చిన్న చిన్న పనులకి ఒక్కో ఎంపీ పేరున కేంద్రం ఇచ్చే నిధులు. ఏడాదికి 5 కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే, కానీ ఆంధ్రాలో 175 అసెంబ్లీ సీట్లకి 25 మంది, తెలంగాణలో 119కి 17 మంది లోక్‌సభ ఎంపీలు, అంటే ఒక్కొక్కరి కింద ఏడేసి నియోజకవర్గాలు. పంచితే ఒక్కోదానికి 71 లక్షలు, అందులో ఎన్ని ఊళ్లో మీరే లెక్కేసుకోండి. కాబట్టి కోటి రూపాయల కమ్యూనిటీ హాలు అడిగి లాభం లేదు, బస్ షెల్టరో, బడికి రెండు గదులో, వంద గజాల డ్రైనేజీయో అడగండి. ఇంకో సంగతి, ఆ డబ్బు ఎంపీ చేతిలో ఉండదు, ఆయన సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. అందుకే పంచాయతీ తీర్మానం, స్థలం ప్రభుత్వానిదేనని కాగితం, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)తో వేయించిన ఖర్చు ఎస్టిమేట్, ఈ మూడూ అర్జీకి జతచేస్తే సగం పని అయినట్టే. గుడికీ చర్చికీ మసీదుకీ ఈ నిధులు ఇవ్వరు. ఎస్సీ నివాస ప్రాంతాలకి 15 శాతం, ఎస్టీ ప్రాంతాలకి 7.5 శాతం కేటాయించాలన్న నియమం ఉంది, మీ వాడకి వర్తిస్తే అర్జీ మొదట్లోనే రాయండి. చాలామందికి తట్టనిది ఇంకోటి: రాజ్యసభ ఎంపీ తన రాష్ట్రంలో ఏ జిల్లాకైనా ఇవ్వొచ్చు, పైగా వాళ్ల ఇంటి ముందు అంత జనం ఉండరు.

కేంద్ర పథకాల కింద వచ్చే గ్రామ సడక్ రోడ్డో, ఆవాస్ ఇళ్ల బిల్లులో ఆగిపోతే అడగాల్సిన చోటు దిశ కమిటీ, అంటే జిల్లాలో ఆ పథకాల పనులు ఎలా నడుస్తున్నాయో చూసే కమిటీ. దానికి ఎంపీ అధ్యక్షుడు, కలెక్టరు, శాఖల అధికారులు అందరూ ఉంటారు. మూడు నెలలకోసారి జరగాలి. తేదీ కనుక్కుని వారం ముందు కాగితం ఇవ్వండి.

ఇక ఢిల్లీ పనులు. మా రైలు స్టాపేజీ లాంటివి. దాన్ని తేల్చేది రైల్వే బోర్డు, మన డీఆర్ఎం (రైల్వే డివిజన్ మేనేజరు) ఆఫీసు ప్రతిపాదన మాత్రమే పంపగలదు. ఇక్కడ టైమింగే ముఖ్యం. పార్లమెంటు బడ్జెట్, వర్షాకాల, శీతాకాల సమావేశాలప్పుడు ఎంపీ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఢిల్లీలో ఉంటారు, శని ఆదివారాలు ఊరికొచ్చినా పెళ్లిళ్లు, ప్రారంభోత్సవాలే, మీ మాట చెవికెక్కదు. సభలో ప్రశ్న అడగాలంటే కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కాబట్టి సమావేశాలు మొదలవడానికి నెల ముందే మీ కాగితం అందాలి. ఒక్క పేజీ చాలు: రైలు నంబరు, అటూ ఇటూ ఆగే స్టేషన్లు ఎంత దూరం, మీ స్టేషన్లో రోజుకి ఎన్ని టికెట్లు అమ్ముడవుతున్నాయి, కరోనాకి ముందు ఆగేదా. ఊరి చరిత్ర, స్థలపురాణం వద్దు, నేను మొదటి అర్జీలో రెండు పేజీలు అదే రాశాను!

ప్రశ్నకి జవాబు వస్తే పని అయిపోయినట్టు కాదు. రాతపూర్వక జవాబులో ఎందుకు కుదరదో ఉంటుంది, మనకి కావాల్సింది అదే. ప్రశ్నగా కాకుండా లోక్‌సభలో 377 నిబంధన కింద ఊరి సమస్యగా లేవనెత్తినా మంత్రిత్వ శాఖ ఎంపీకి లెటర్ రాస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే, ఆ లెటర్ ఢిల్లీ ఇంటికి వస్తుంది, ఇక్కడి క్యాంపు ఆఫీసుకి తెలియదు, ఇక్కడి పీఏ వేరు, అక్కడి పీఏ వేరు. మీరే ఇద్దరికీ మధ్య తిరగాలి. అర్జీ ఇవ్వగానే ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి, మంత్రికి రాసిన లెటర్ కాపీ అడిగి తీసుకోండి, ఢిల్లీ పీఏ ఫోన్ నంబరు తప్పకుండా రాసుకోండి. నెలకోసారి ఫోన్ చేస్తే చాలు, రోజూ చేస్తే ఎత్తడం మానేస్తారు. అది కూడా అనుభవమే.

ఢిల్లీ వెళ్లాల్సి వస్తే, సభ 11 గంటలకి మొదలవుతుంది కాబట్టి పొద్దున్నే ఇంటి దగ్గర కలవండి. మధ్యాహ్నం ఆంధ్రా భవన్‌లో భోజనం చేసి రండి, పప్పు కోసమే కాదు, మీలాగే కాగితాలు పట్టుకొచ్చిన పక్క జిల్లా వాళ్లెవరో తగులుతారు.

మా రైలు ఇంకా ఆగలేదు. జవాబు మాత్రం వచ్చింది, మా స్టేషన్లో టికెట్ల అమ్మకం చాలదట. నిజమే, మా వాళ్లలో సగం మంది ప్యాసింజర్ ఎక్కేది టికెట్ లేకుండానే. ఇప్పుడు పొద్దున్నే ప్లాట్‌ఫాం మీద నిలబడి, టికెట్ తీశారా అని ఒక్కొక్కరినీ అడుగుతున్నా. టీసీ అనుకుని ఒకాయన పరిగెత్తాడు కూడా.