చదువు, ఉద్యోగం, ఇల్లు: కమ్యూనికేషన్ విద్యార్థి రిఫ్లెక్షన్ రాసే పద్ధతి

కమ్యూనికేషన్ కోర్సుల్లో రిఫ్లెక్షన్ అసైన్‌మెంట్, అంటే మనకు జరిగిన సంభాషణను వెనక్కి తిరిగి చూసి విశ్లేషించి రాసేది, చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. మన గురించి మనం రాసుకోవడమే కదా అనిపించి ఆఖరి రాత్రికి వాయిదా పడుతుంది. తెల్లారేసరికి "వినడం ఎంత ముఖ్యమో తెలిసింది" లాంటి వాక్యాలతో పేజీలు నిండుతాయి. ఎవరు రాసినా అవే మాటలు కాబట్టి మార్కులూ రావు. ఉద్యోగం చేస్తూ, ఇల్లు చూసుకుంటూ చదివేవాళ్ల దగ్గర నిజానికి సరుకు ఎక్కువే ఉంటుంది. క్లాసులో, పనిలో, ఇంట్లో రోజూ మూడు రకాలుగా మాట్లాడేది వాళ్లే. ఆ మాటలు చెదిరిపోకముందే కాగితం మీద పెట్టాలి.

ఒక రిఫ్లెక్షన్‌కి ఒక్క సంభాషణ చాలు, అదీ రెండు మూడు నిమిషాల్లో ముగిసినది. అనుకున్నట్టు సాగనిదాన్ని ఎంచుకోండి: అడిగింది ఒకటి, జవాబు వచ్చింది ఇంకొకటి; లేదా మాట అయిపోయాక కూడా మనసులో మెదులుతున్నది. సాఫీగా జరిగిన సంభాషణలో విశ్లేషించడానికి పెద్దగా ఏమీ దొరకదు.

దాన్ని అదే రోజు రాసుకోవాలి. మర్నాటికి భావం గుర్తుంటుంది గానీ మాటలు గుర్తుండవు. నోట్‌బుక్ పేజీని నిలువుగా రెండుగా విడదీయండి. ఎడమవైపు అన్న మాటలు, చేసిన పనులు, ఉన్నవి ఉన్నట్టు. కుడివైపు అప్పుడు మీకేమనిపించిందో. ఎడమవైపు "కోపంగా", "చిరాగ్గా" అని రాయకూడదు, అవి మీ ఊహలు. "గొంతు పెంచి", "తలెత్తకుండా" అని రాయొచ్చు, అవి కళ్లకూ చెవులకూ తెలిసినవి. పని నుంచి బయటపడేసరికి ఓపిక లేకపోతే ఫోన్‌లో ఒక్క నిమిషం వాయిస్ నోట్ చెప్పుకోండి. రికార్డు చేసేది మీ గొంతే. ఎదుటివాళ్లకు చెప్పకుండా వాళ్ల మాటలు రికార్డు చేయొద్దు.

ఒక ఉదాహరణ చూద్దాం. విద్యార్థి రాత్రి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఇంట్లోవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి "ఇంకా అవలేదా?" అన్నారు. తలెత్తకుండా "పది నిమిషాలు" అన్నాడు. అరగంట తర్వాత అదే ప్రశ్న, అదే జవాబు. మూడోసారి ప్రశ్న రాలేదు, తలుపు మూసుకుంది. ఎడమవైపు రాయాల్సింది ఇంతే.

విశ్లేషణ ఇక్కడ మొదలవుతుంది. ప్రతి సందేశంలోనూ విషయం ఒక స్థాయిలో, సంబంధం ఇంకో స్థాయిలో ఉంటాయని కమ్యూనికేషన్ సిద్ధాంతకర్త పాల్ వాట్జ్లావిక్, అతని సహ రచయితలు 1967లో ప్రతిపాదించారు. "ఇంకా అవలేదా?" అనే మాటలో విషయం టైము గురించి. సంబంధం స్థాయిలో "మాకోసం ఎప్పుడు లేస్తావు?" అని అడిగి ఉండొచ్చు. విద్యార్థి మొదటిదానికే జవాబిచ్చాడు, అదీ తప్పు లెక్కతో. రెండోది రెండుసార్లూ జవాబు లేకుండానే మిగిలింది. తలుపు మూసుకోవడాన్ని ఇలా చదివితే థియరీ పనిచేసినట్టు. పేరాలోంచి థియరీ పేరు కొట్టేసి చూడండి. అయినా పేరా ఏమీ మారకపోతే దాన్ని అలంకారానికి పెట్టినట్టే.

ఒక రిఫ్లెక్షన్‌కి ఒకటే థియరీ తీసుకోండి. ఇంటి నుంచి చేసే వీడియో మీటింగ్ గురించైతే సామాజిక శాస్త్రవేత్త అర్వింగ్ గాఫ్మన్ చెప్పిన ముందు వేదిక (నలుగురి ఎదుట మనం కనిపించే తీరు), వెనక వేదిక (వాళ్లు చూడనప్పుడు ఉండే తీరు) బాగా నప్పుతాయి. ఇంటి ఇబ్బందుల్లో మేనేజర్‌కి ఎంతవరకు చెప్పాలన్న సందిగ్ధమైతే సొంత విషయాల్లో ఏది చెప్పాలో, ఏది దాచాలో మనం ఎలా నిర్ణయించుకుంటామో వివరించే శాండ్రా పెట్రోనియో ప్రైవసీ సిద్ధాంతం పనికొస్తుంది. ఈ మూడింటినీ ఒకే వ్యాసంలో కుక్కితే ఒక్కోదానికి రెండేసి వాక్యాలే దక్కుతాయి.

నిర్మాణానికి విద్యా పరిశోధకుడు గ్రాహం గిబ్స్ 1988లో ఇచ్చిన ఆరు మెట్ల పద్ధతి చాలా చోట్ల చెల్లుతుంది. 1,000 పదాల్లో వర్ణనకు 150, అనుభూతికి 100, మంచిచెడ్డల అంచనాకు 100, విశ్లేషణకు 400, నిర్ధారణకు 100, కార్యాచరణకు 150 పెట్టుకోండి. ఎక్కువమంది దగ్గర వర్ణనే సగం మింగేస్తుంది, ఎందుకంటే కథ చెప్పడం అన్నిటికంటే సులువు. అందుకే విశ్లేషణ ముందు రాసి, దానికి అవసరమైనంత వర్ణనే తర్వాత చేర్చడం మేలు.

కార్యాచరణలో "ఇకపై బాగా వింటాను" అని రాస్తే అది ప్రణాళిక అనిపించుకోదు. "పని మధ్యలో పిలిస్తే కీబోర్డు మీంచి చేతులు తీసి, తలెత్తి చూసి, ఎన్నింటికి లేస్తానో చెబుతాను, రెండు వారాలు ఇలా చేసి ఏం జరిగిందో రాస్తాను" అంటే ప్రణాళిక.

ఇంట్లోవాళ్ల గురించి రాసేటప్పుడు చాలా జాగ్రత్త కావాలి. సహోద్యోగి పేరు, హోదా మార్చి దాచొచ్చు. అమ్మనో భార్యనో భర్తనో దాచలేం, పేరు రాయకపోయినా ఎవరో చదివేవాళ్లకు తెలిసిపోతుంది. కాబట్టి వాళ్ల గురించి రాసిన భాగాన్ని ముందు వాళ్లకే చూపించండి. వద్దంటే బతిమాలకుండా ఇంకో సంభాషణ ఎంచుకోండి. ఎవరి అనారోగ్యమో, అప్పో, తగాదానో మార్కుల కోసం బయటపెట్టడం ఏ రకంగానూ సరికాదు. ఆఫీసు విషయంలో కస్టమర్ల వివరాలు, లోపలి మెసేజీల స్క్రీన్‌షాట్లు అసలు వాడొద్దు.

ఒక్క బిగిన కూర్చునే తీరిక ఎలాగూ దొరకదు. నాలుగు విడతలుగా చేయండి: సంభాషణ జరిగిన రోజు 10 నిమిషాల నోట్సు, ఇంకోరోజు అరగంట థియరీ చదవడం, సెలవురోజు గంటన్నర చిత్తుప్రతి, కనీసం ఒక రాత్రి గడిచాక అరగంట దిద్దుబాటు. థియరీ విడతను ప్రయాణంలో కానివ్వొచ్చు. చిత్తుప్రతికి మాత్రం తలుపు వేసుకునే వీలున్న సమయం కావాలి, దాన్ని ఇంట్లో ముందే చెప్పి తీసుకోండి.

దిద్దేటప్పుడు పైకి చదవండి. ఎదుటి మనిషి పూర్తిగా తప్పుగానో, మీరు పూర్తిగా తప్పుగానో కనిపిస్తుంటే, అదే సంభాషణను అవతలివాళ్ల వైపు నుంచి ఐదు వాక్యాల్లో విడిగా రాసి చూడండి. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి కనిపించింది వంచిన తల, వెలుగుతున్న స్క్రీన్ మాత్రమే. ఆ ఐదు వాక్యాల్లో కొత్తగా తేలినదాన్ని విశ్లేషణలో చేర్చి, అప్పుడు సమర్పించండి.