పరిశోధనకు గ్రాంటు ఎలా తెచ్చుకోవాలి? దక్షిణ ఒడిశాలో ఆరోగ్యం, వృద్ధాప్యం, వైకల్యంపై పనిచేసేవారికి

ప్రపోజల్ తిరిగొస్తే మన ప్రశ్న వాళ్లకు నచ్చలేదనుకుంటాం. చాలా ప్రపోజళ్లు అసలు అంతదాకా వెళ్లవు. సంతకం పెట్టిన సంస్థకు అర్హత లేదనో, పరిశోధనలో నైతికతను పరిశీలించే ఎథిక్స్ కమిటీ రిజిస్ట్రేషన్ గడువు దాటిందనో, బడ్జెట్ కూడికలు రెండు పేజీల్లో రెండు రకాలుగా ఉన్నాయనో తొలి వడపోతలోనే పక్కన పెట్టేస్తారు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం వైపు పనిచేసేవాళ్లకు వీటికి తోడు భాష ఒకటి. ఒకే పంచాయతీలో తెలుగు, ఒడియా, సవర మాట్లాడే ముగ్గురు పెద్దవాళ్లను ఒకే ప్రశ్న, ఒకే అర్థం వచ్చేలా అడగాలి. అందుకే ఇక్కడ డబ్బు వెతకడం కన్నా దానికి ముందు చేయాల్సిన పనే ఎక్కువ.

మొదటి మెట్టు: అంశాన్ని ప్రశ్నగా మార్చండి

"గజపతి జిల్లాలో వృద్ధుల ఆరోగ్యం" అనేది అంశం. దానికి ఎవరూ డబ్బివ్వరు. "గోసాని, కాశీనగర్ బ్లాకుల్లో 60 ఏళ్లు దాటినవారిలో నడక, చూపు, వినికిడి ఇబ్బంది ఉన్నవారెందరు? వారిలో యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు ఉన్నవారెందరు? లేనివాళ్లు ఏ దశలో ఆగిపోయారు?" అంటే అది ప్రశ్న. చోటు, వయసు, కొలిచేది, కొలిచాక తేలేది నాలుగూ అందులో ఉన్నాయి.

ప్రపోజల్ మొదటి పేరాలో "ఈ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు" అని నిరూపించాలి. మన ప్రాంతానికి అది తేలిక. 2011 జనగణన ఒడిశాలో వైకల్యం ఉన్నవారు సుమారు 12.44 లక్షలని చెప్పింది. కానీ ఆ లెక్క ఎనిమిది రకాల వైకల్యాలకే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆ జాబితాను 21కి పెంచింది, అందులో సికిల్ సెల్ వ్యాధి, తలసీమియా కూడా ఉన్నాయి. కోరాపుట్, రాయగడ కొండల్లో సికిల్ సెల్ ఎంత మామూలో అక్కడ పనిచేసిన నర్సునడిగినా చెబుతుంది. పాత లెక్కలో దానికి చోటే లేదు.

వృద్ధాప్యంపై అయితే లాసీ అనే జాతీయ వృద్ధాప్య సర్వే సమాచారం వాడుకోండి. 2017-18లో జరిగిన తొలి విడతలో 45 ఏళ్లు దాటినవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా ఉన్నారు. ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్‌కు దరఖాస్తు పెడితే ఉచితంగా ఇస్తారు. దాన్నుంచి రాష్ట్రస్థాయి పట్టిక ఒకటి తీసి, జిల్లాస్థాయి లెక్క అందులోంచి రాదని చూపిస్తే మీ అధ్యయనం అవసరమేంటో వేరే చెప్పక్కర్లేదు.

రెండో మెట్టు: సంతకం ఎవరిదో తేల్చుకోండి

ప్రభుత్వ గ్రాంటు సాధారణంగా సంస్థకు వస్తుంది, మనిషికి కాదు. సొంత క్లినిక్ నడిపే డాక్టరైనా, పల్లెల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థైనా ముందు ఈ లెక్క చూసుకోవాలి. స్వచ్ఛంద సంస్థకు కనీసం మూడేళ్ల ఆడిట్ లెక్కలు, ఎన్‌జీఓ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్) నంబరు, పీఎఫ్‌ఎంఎస్ (ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ) నమోదు చేతిలో ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) డబ్బు నేరుగా కావాలంటే కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం (డీఎస్‌ఐఆర్) నుంచి పరిశోధన సంస్థగా గుర్తింపు కూడా కావాలి. చిన్న సంస్థలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

ఆ గుర్తింపు లేకపోతే దానికోసం ఏళ్లు కూర్చోకండి. అర్హత ఉన్న సంస్థతో కలిసి, మీరు సహ పరిశోధకులుగా వెళ్లండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, భంజ బిహార్‌లో బరంపురం విశ్వవిద్యాలయం, కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం, పర్లాకిమిడిలో సెంచూరియన్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. వైకల్యం, పునరావాసం అంశమైతే కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థను కలుపుకుంటే బరువు పెరుగుతుంది.

తెలుగువాళ్లం కాబట్టి మన చూపు విశాఖ, శ్రీకాకుళం వైపు పోతుంది. రోగులూ అటే వెళ్తారు. ఆంధ్రా సంస్థ సంతకంతో ఒడిశాలో పనిచేయొచ్చు, తప్పులేదు. కాకపోతే రెండు వైపులా ఎథిక్స్ అనుమతి, ఒడిశా ఆరోగ్య శాఖ అనుమతి విడివిడిగా తెచ్చుకోవాలి. అందుకు నాలుగు నెలలు అదనంగా వేసుకోండి.

ప్రధాన పరిశోధకుడి రిటైర్‌మెంట్ తేదీ తప్పకుండా అడగండి. మొహమాటపడి అడగకపోతే, మూడేళ్ల ప్రాజెక్టుకు రెండేళ్ల సర్వీసు మిగిలినాయన సంతకం పెడతాడు, ప్రపోజల్ వెనక్కొస్తుంది.

మూడో మెట్టు: ఏ తలుపు తట్టాలి

ప్రశ్న వైద్యానికి, ప్రజారోగ్యానికి సంబంధించిందైతే ఐసీఎంఆర్ ఎక్స్‌ట్రామ్యూరల్ గ్రాంట్లు (బయటి సంస్థలకిచ్చేవి) చూడండి. వాటిలో ఒకదానికి చిన్న గ్రాంటు (స్మాల్ గ్రాంట్) అనే పేరు చూసి తేలిగ్గా తీసుకోకండి, దాని పరిమితి 2 కోట్ల దాకా ఉంది. జిల్లాస్థాయి సర్వేకు అందులో నాలుగో వంతు కూడా పట్టదు. దరఖాస్తు వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్‌లోనే పెట్టాలి, పిలుపు వచ్చినప్పుడే.

కొండదారిలో నడవగలిగే చేతికర్ర, వినికిడి తగ్గినవారికి చవకైన పరికరం లాంటివి తయారుచేసే ఆలోచన ఉంటే కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్‌టీ)లో దివ్యాంగులు, వృద్ధుల కోసమే టైడ్ అనే కార్యక్రమం ఉంది. అదే వస్తువును స్టార్టప్‌గా అమ్మకం దాకా తీసుకెళ్లాలనుకుంటే బయోటెక్ స్టార్టప్‌లకు సాయం చేసే కేంద్ర సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు: 18 నెలలకు 50 లక్షల దాకా. ముసలివాళ్లను చూసుకునే కోడళ్ల కష్టం, పింఛను డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది లాంటి సామాజిక ప్రశ్నలకు ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) సరైన చోటు. అలాంటివి ఐసీఎంఆర్‌కు పంపితే "మా పరిధి కాదు" అనే జవాబొస్తుంది.

సంస్థలో ఉద్యోగం కొత్తగా వచ్చిన 42 ఏళ్లలోపు పరిశోధకులకు ఏఎన్‌ఆర్‌ఎఫ్ (కేంద్ర పరిశోధన నిధుల సంస్థ) ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు ఉంది, మూడేళ్లకు 60 లక్షలు. మహిళలకు, దివ్యాంగులకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు వయసులో సడలింపు ఇస్తారు. ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులు ఐసీఎంఆర్ విద్యార్థి పరిశోధన పథకం ఎస్‌టీఎస్‌తో మొదలుపెట్టొచ్చు. రెండు నెలల పనే అయినా, ప్రపోజల్ రాయడం అందులోనే వంటబడుతుంది. హైదరాబాద్‌లో కార్యాలయం ఉన్న ఇండియా అలయన్స్ (జీవ, వైద్య పరిశోధనకు నిధులిచ్చే సంస్థ) ఫెలోషిప్పులు మనిషిని చూసి ఇస్తారు, పోటీ గట్టిగా ఉంటుంది.

కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు సంగతి వేరు. దామన్‌జోడిలో అల్యూమినియం కంపెనీ నాల్కో ఉంది కదా అని సర్వే ప్రపోజల్ పట్టుకెళ్లకండి. అక్కడ అడిగేది సేవ. కళ్లద్దాలు, చక్రాల కుర్చీలు, శిబిరాలు అడిగి, వాటి ఫలితం కొలవడాన్ని అందులోనే ఒక భాగంగా పెట్టాలి. సంస్థకు సీఎస్‌ఆర్-1 నమోదు, ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ ఉండాలి.

విదేశీ డబ్బయితే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి ముట్టుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థ కూడా ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. "పెద్ద సంస్థ తెస్తుంది, మనం పంచుకుందాం" అనే పాత పద్ధతి అక్కడితో అయిపోయింది. విదేశీ భాగస్వామ్యంతో చేసే ఆరోగ్య పరిశోధనకు కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా తీసుకోవాలి.

నాలుగో మెట్టు: అనుమతులు

ఎథిక్స్ కమిటీకి కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖలో నమోదు ఉందా, గడువు ఉందా చూడండి. మందు, వ్యాయామం, పరికరం ఏదైనా ఇచ్చి ఫలితం చూసే అధ్యయనమైతే మొదటి మనిషిని చేర్చుకునే ముందే సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ)లో నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి, అధ్యయనం మొదలయ్యాక నమోదు చేసే వీలు లేదు.

వైకల్యంపై పనిచేసేవాళ్లలోనూ చాలామంది గమనించనిది 2016 చట్టం సెక్షన్ 6(2). దివ్యాంగుల మీద పరిశోధన చేయాలంటే వారికి అందే రూపంలో వివరించి సమ్మతి తీసుకోవాలి, దాంతోపాటు వైకల్య పరిశోధన కమిటీ ముందస్తు అనుమతి ఉండాలి. ఆ కమిటీలో సగానికి తగ్గకుండా దివ్యాంగులో, వారి నమోదిత సంస్థల సభ్యులో ఉండాలి. ప్రపోజల్‌లో ఈ సెక్షన్ ప్రస్తావన, దరఖాస్తు తేదీ రాయండి. చదివేవాళ్లకు మీరు పని తెలిసినవాళ్లని అర్థమవుతుంది.

అందే రూపం అంటే చూపులేనివారికి చదివి వినిపించడం, వినిపించనివారికి సైగల భాష తెలిసిన మనిషి. సవర పెద్దల్లో చదవడం రానివారికి ఆడియో రికార్డు, వేలిముద్ర, మీ బృందంతో సంబంధం లేని చదువుకున్న సాక్షి కావాలి. కొడుకు సంతకం తల్లి సమ్మతి కాదు.

అయిదో మెట్టు: సంఖ్య, భాష, బడ్జెట్

శాంపిల్ లెక్క చూపించకుండా "500 మందిని కలుస్తాం" అని రాస్తే మార్కులు పోతాయి. సమస్య 20 శాతం మందిలో ఉంటుందని అంచనా, అటూ ఇటూ 4 శాతం తేడా చాలు అనుకుంటే 384 మంది కావాలి. ఊళ్లవారీగా ఎంచుకుంటారు కాబట్టి 1.5తో గుణించండి: 576. పదిమందిలో ఒకరు దొరకరు, లేదా వద్దంటారు, కాబట్టి 0.9తో భాగించండి: 640.

ఒక్కో సర్వేయరు రోజుకు ఆరుగురిని కలవగలరు. ఇద్దరైతే 54 పనిదినాలు. కాగితం మీద అది రెండున్నర నెలలు. సంత రోజులు, పండగలు, బస్సు రాని రోజులు కలుపుకుని నాలుగు నెలలు రాయండి. వానల్లో కొండ ఊళ్లకు దారి ఉండదు కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. కోతలప్పుడు పెద్దవాళ్లు ఇంట్లోనే దొరుకుతారు, వాళ్లకు తోడుండాల్సినవాళ్లే పొలంలో ఉంటారు. సాయంత్రాలకు సమయం ఉంచుకోండి.

ప్రశ్నావళిని సొంతంగా తయారుచేయకండి. వైకల్యానికి వాషింగ్టన్ గ్రూప్ ఆరు ప్రశ్నలు, రోజువారీ ఇబ్బందికి ప్రపంచ ఆరోగ్య సంస్థ హూడాస్ 2.0 ఉన్నాయి. హూడాస్ పన్నెండు ప్రశ్నల రూపానికి అయిదు నిమిషాలు, 36 ప్రశ్నల దానికి ఇరవై నిమిషాలు పడుతుంది. శ్రీకాకుళంలో వాడిన తెలుగు ప్రతిని పర్లాకిమిడిలో అలాగే దించేయకండి, ఇక్కడి తెలుగులో ఒడియా మాటలు కలిసి ఉంటాయి. ప్రతి భాషకూ ఇద్దరు విడివిడిగా అనువదించాలి, అసలు ప్రతి చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, ఆపైన పది, పదిహేను మంది మీద పరీక్షించాలి. మూడు భాషలకు తొమ్మిదిమంది పని, రెండు నెలలు. బడ్జెట్‌లో దీనికి విడిగా ఒక పద్దు పెట్టండి. ఇతర ఖర్చుల్లో దాచేస్తే ఆ డబ్బు పెట్రోలుకే సరిపోతుంది.

జీతాలు గ్రాంటు ఇచ్చే సంస్థ ప్రకటించిన రేట్లకే రాయాలి. ఉదాహరణకు జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్‌ఎఫ్)కు 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఇంటద్దె భత్యం అదనం. పరీక్షకు వచ్చినవారి బస్సు చార్జీ, పోయిన కూలి, తోడొచ్చిన మనిషి ఖర్చు రాయండి. వాహనం, ఫర్నిచర్ రాయకండి.

ఆరో మెట్టు: పంపడం, ఆ తర్వాత

పోర్టల్ ఖాతా గడువుకు నెల ముందే తెరవండి. సంస్థ అధిపతి సంతకం పదిహేను రోజుల ముందే తీసుకోండి, చివరి వారంలో ఆయన భువనేశ్వర్ మీటింగులో ఉంటారు. పట్టికలో మొత్తం, వివరణలో మొత్తం రూపాయితో సహా కలవాలి.

డబ్బు వచ్చాక ప్రాజెక్టులు చెడేది ఎక్కువగా లెక్కల దగ్గర. రెండో ఏడాది విడత రావాలంటే జీఎఫ్‌ఆర్ 12-ఏ అనే ప్రభుత్వ ఫారంలో యూసీ (డబ్బు వాడినట్టు ధ్రువపత్రం), ఖర్చుల పట్టిక వెళ్లాలి. మార్చి 31తో ఏడాది ముగుస్తుంది కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే సంస్థ అకౌంట్స్ విభాగం దగ్గర కూర్చోండి. గ్రాంటు డబ్బుపై వచ్చిన వడ్డీ మీది కాదు, ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. విడత ఆలస్యమైతే జీతం ఆగి సర్వేయర్లు వెళ్లిపోతారు. సవర తెలిసిన మనిషి ఒకసారి పోతే మళ్లీ దొరకరు, అందుకే ఊళ్లు తిరిగే పనంతా మొదటి విడత డబ్బుతోనే ముగిసేలా వేసుకోండి.

తిరస్కరిస్తే సమీక్షకుల వ్యాఖ్యలు తెప్పించుకుని, ఒక్కోదానికీ ఏం మార్చారో పక్కనే రాసి, తర్వాతి పిలుపుకు దానితో కలిపి పంపండి. ఎథిక్స్ అనుమతి తేదీ మాత్రం మళ్లీ చూసుకోండి, ఈలోగా అది దాటిపోయి ఉంటుంది.