హైదరాబాద్ నుంచి ఆర్టీసీ బస్సులో పోయి గుట్టలెక్కడం ఎలా?

గుట్టలెక్కాలంటే కారో బైకో ఉండాలనుకుంటారు చాలామంది. నిజానికి బస్సులో పోయేవాళ్లకే ఒక వెసులుబాటు ఎక్కువ. బండి పెట్టిన చోటికే తిరిగి రావాల్సిన పని లేదు. ఒక పక్క ఎక్కి ఇంకో పక్క దిగి, అవతలి రోడ్డు మీద బస్సు అందుకోవచ్చు. కాకపోతే టైము మన చేతిలో ఉండదు. అందుకే ప్లానంతా వెనక నుంచి ముందుకు వేసుకోవాలి. ఎక్కడికి పోవాలి, ఎన్నింటికి బయల్దేరాలి అన్నవి తర్వాత సంగతి. ముందు తేలాల్సింది తిరుగు బస్సు.

1. తిరుగు బస్సు కనుక్కోండి

సిటీలోని పెద్ద బస్టాండ్లు ఎంజీబీఎస్‌లోనో జేబీఎస్‌లోనో ఎంక్వైరీ కౌంటర్‌లో అడిగితే పోయే బస్సుల సంగతి చెబుతారు. వచ్చే బస్సుల సంగతి బాగా తెలిసేది దిగిన చోటే. దిగుతూనే కండక్టర్ని అడగండి: "అన్నా, సిటీకి ఆఖరి బస్సు ఎన్నింటికి? ఈ స్టేజీల ఆగుతదా?" అదే ప్రశ్న స్టేజీ దగ్గరి చాయ్ హోటల్లో కూడా వేయండి. రెండు జవాబులు కలవకపోతే రెంటిలో ముందుగా ఉన్న టైమునే ఖాయం చేసుకోండి. ఫోన్‌లో కనిపించే టైముల కన్నా రోజూ ఆ బస్సుకు చాయ్ పోసే మనిషి మాట మీదే నాకు గురి.

ఇక లెక్క. ఆఖరి బస్సు ఆరింటికి అన్నారనుకోండి. మీరు ఎక్కాల్సింది అది కాదు, దాని ముందుది. అది ఐదింటికైతే నాలుగున్నరకల్లా స్టేజీలో ఉండాలి. దిగడానికి గంటన్నర పడితే, మూడింటికి పైనుంచి కదలాలి. కొన ఇంకో పది నిమిషాల దూరంలో కనిపిస్తున్నా సరే, మూడయిందంటే వెనక్కి తిరగడమే. మట్టిబాట మీద గంటకు 3 కిలోమీటర్లు, ఎక్కుడులో అంతకన్నా తక్కువ వేసుకోండి. నవంబరు, డిసెంబరుల్లో పావుతక్కువ ఆరుకల్లా పొద్దుగూకుతుందని మరిచిపోవద్దు.

2. మొదటిసారి భువనగిరికి పోండి

సిటీకి 50 కిలోమీటర్ల లోపే. ఉప్పల్ నుంచి యాదగిరిగుట్ట వైపు పోయే బస్సులు తరచుగా ఉంటాయి. వరంగల్ ఎక్స్‌ప్రెస్‌ల్లో ఊళ్లోకి రాకుండా బైపాస్ మీదుగా పోయేవి కూడా ఉన్నాయి కాబట్టి, ఎక్కేముందే "భువనగిరి బస్టాండ్‌లకు పోతదా?" అని అడగండి. లేకపోతే గుట్ట కంటే ముందు హైవే మీదే నడక మొదలవుతుంది.

ఊరి మధ్యలో దాదాపు 500 అడుగుల ఎత్తున నిలబడ్డ ఒకే బండ అది. దాని మీది కోటను కట్టించింది పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడు. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చుకున్నది కూడా ఇక్కడే. మనం తాళ్లు పట్టుకుని వేలాడనక్కర్లేదు, మెట్ల దారి ఉంది. దారి తప్పే ప్రశ్నే లేదు, చుట్టూ ఊరు కనబడుతూనే ఉంటుంది. అందుకే మొదటిసారికి ఇది మంచిదంటాను.

మెట్లు అయిపోయి ఉత్త బండ మొదలయ్యాక అసలు పాఠం ఉంటుంది. వాలు బండ ఎక్కేటప్పుడు భయం వేయదు, దిగేటప్పుడే కాళ్లు వణుకుతాయి. మడమల మీద దిగకండి. పాదం మొత్తం బండకు ఆనించి, మోకాళ్లు కాస్త వంచి, వాలుకు అడ్డంగా అటూ ఇటూ దిగండి. నీళ్లు కారిన చోట నల్లటి చారలు కనిపిస్తాయి, అది ఎండిన నాచు. పొడిగా ఉన్నప్పుడు ఏమీ కాదు, నాలుగు చినుకులు పడ్డాయంటే మాత్రం వాటి మీద ఏ బూటూ నిలవదు. ఎండాకాలం పదింటికల్లా బండ కాలిపోతుంది. మార్చి నుంచి జూన్ మొదట్లో వానలు పడేదాకా ఇటు రాకపోవడమే మేలు.

3. అడవి బాట కావాలంటే అనంతగిరి

మెహదీపట్నం, మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వికారాబాద్ బస్సు. చేవెళ్ల దారిలో కిటికీ పక్కన కూర్చోండి, రోడ్డు పక్కన పాత మర్రిచెట్లు కనిపిస్తాయి. వాటిని చూడటానికైనా ఆ బస్సెక్కొచ్చు. వికారాబాద్ నుంచి గుట్ట 5, 6 కిలోమీటర్లు. ఆటో దొరుకుతుంది, లేదా తాండూరు వైపు పోయే బస్సుల్లో అనంతగిరి మీదుగా పోయేది చూసి ఎక్కండి. అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర దిగితే అక్కణ్నుంచే అడవి. మూసీ పుట్టేది ఈ గుట్టల్లోనే.

భువనగిరిలా ఇక్కడ బండ ఉండదు, ఎర్రటి రాతినేల. పైన పరుచుకున్న గులకలు బూటు కింద గోళీల్లా దొర్లుతాయి, దిగుడులో చేతికర్ర పనికొస్తుంది. గుడి దగ్గర కోతులతో జాగ్రత్త. చేతిలో కవర్ కనిపిస్తే చాలు, లాక్కుంటాయి. తిండి ఏదైనా బ్యాగులో పెట్టి జిప్ వేయండి. కార్తీక మాసంలో జాతర రద్దీ, ఆదివారాలు కార్ల రద్దీ. మామూలు రోజు వీలైతే అప్పుడే పోండి.

బాటలు చీలే ప్రతిచోటా వెనక్కి తిరిగి ఒక ఫోటో తీసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు కళ్ల ముందుండే దృశ్యం అదే. మ్యాప్‌ను ముందే ఫోన్‌లోకి దింపుకోండి, లోపల సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

4. నల్లమలలో మాత్రం ఇష్టం వచ్చిన చోట దిగొద్దు

శ్రీశైలం బస్సు మన్ననూరు చెక్‌పోస్టు దాటాక కిటికీలోంచి చూస్తే ఎవరికైనా దిగి నడవాలనిపిస్తుంది. అది 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా రోడ్డు దిగి లోపలికి పోతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ రోడ్డు మూసే ఉంటుంది. అడవి లోపలి ఫర్హాబాద్ వ్యూ పాయింట్ చూడాలంటే అటవీ శాఖ సఫారీ ఉంది. సలేశ్వరం లోయలోకి దిగాలంటే చైత్ర పౌర్ణమి జాతర రోజుల దాకా ఆగాలి, అప్పుడు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. అంతదాకా ఆగలేమంటే అచ్చంపేటలో దిగి ఉమామహేశ్వరం పోండి. కొండ చరియ కింద గుడి, దారంతా చెట్లు.

5. సద్ది, నీళ్లు, ఛార్జీలు

మనిషికి 3 లీటర్ల నీళ్లు. పులిహోర, పల్లీపట్టీలు, అరటిపండ్లు చాలు. ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, టార్చి, ఈల. యూపీఐ పనిచేయని చోట్ల కోసం చిల్లర. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి టికెట్ డబ్బుల్లేవు. కానీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. డీలక్స్ ఎక్కితే మాత్రం డబ్బులు కట్టాల్సిందే.

6. తేనెటీగలు, పాములు

నన్నడిగితే పులి కన్నా తేనెటీగలకే ఎక్కువ భయపడాలి. పెద్ద బండల చూరు కింద నల్లగా వేలాడే పట్టు కనిపిస్తే గొంతు తగ్గించి, దూరంగా చుట్టు తిరిగి పోండి. ఘాటు సెంటు, సిగరెట్ పొగ, డప్పుల పాటలు ఆ దరిదాపుల్లో వద్దు. లేచాయంటే ముఖం కప్పుకుని పరుగెత్తడమే, చేతులతో కొట్టొద్దు.

ఎండుటాకుల్లో రక్తపింజర కలిసిపోతుంది. బండ మీద కూర్చునేముందు చూడండి, పొదలో చేయి పెట్టొద్దు. పాము కరిస్తే తాడు బిగించడాలు, కోయడాలు, నోటితో పీల్చడాలు వద్దు. కరిచిన చోటును కదలనివ్వకుండా, ఉంగరాలు తీసేసి, 108కు ఫోన్ చేసి సర్కారు దవాఖానకు పోవాలి.

7. బస్సు ఆపడం, తప్పిపోతే ఏం చేయాలి

స్టేజీలో నీడకు నిలబడి ఫోన్ చూసుకుంటే బస్సు వెళ్లిపోతుంది. మూలమలుపు దగ్గర కాదు, డ్రైవర్‌కు దూరం నుంచే కనబడే చోట రోడ్డంచున నిలబడి చెయ్యి ఊపండి. చీకటి పడితే టార్చి వెలుగు డ్రైవర్ కళ్లలోకి కాకుండా మీ చేతి మీద పడేలా పట్టుకోండి. ఆ బస్సూ తప్పిపోతే అడవి అంచున కాచుక్కూర్చోవద్దు, షేర్ ఆటో పట్టుకుని దగ్గరి పెద్ద ఊరికి చేరండి. భువనగిరిలోనూ వికారాబాద్‌లోనూ రైల్వే స్టేషన్లు ఉన్నాయి. సాయంత్రం సిటీకి వచ్చే రైళ్ల టైములు పొద్దున బయల్దేరేముందే ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.